పేట దవాఖానా రీహాబ్ సెంటర్ అయిన చరిత్ర: ఆధారాలతో రాసే పద్ధతి

చిక్కడపల్లి, నారాయణగూడ, మలక్‌పేట, మారేడ్‌పల్లి లాంటి పాత పేటల్లో ఇలాంటి భవనాలు కనిపిస్తుంటాయి. గేటు మీద కొత్త ఫ్లెక్సీలో 'రీహాబిలిటేషన్ అండ్ ఎల్డర్ కేర్' అని ఉంటుంది. పైన పిట్టగోడకు పోతపోసిన సిమెంటు అక్షరాల్లో పాత నర్సింగ్ హోమ్ పేరు నాలుగు పూతల రంగు కింద నుంచి ఇంకా చదవడానికి వస్తుంది. ఈ రెండు బోర్డుల మధ్య ఏం జరిగిందో రాయాలనుకునే వాళ్ల కోసం ఈ పద్ధతి. ట్రస్టు సావనీరుకైనా, కుటుంబం దాచుకునే పుస్తకానికైనా, కాలనీ చరిత్రకైనా పనికొస్తుంది.

మామూలుగా వచ్చే రాత ఇలా ఉంటుంది: 'ఫలానా ఏడాది స్థాపించారు, దశాబ్దాల పాటు సేవలందించారు, కాలానుగుణంగా పునరావాస కేంద్రంగా మార్చారు.' స్థాపించడమంటే భూమి కొన్న రోజా, రాయి వేసిన రోజా, మొదటి కాన్పు జరిగిన రోజా? మార్చడమంటే బోర్డు మార్చిన రోజా, ఆపరేషన్లు ఆగిన రోజా? వీటికి జవాబు లేకపోతే అది చరిత్ర కాదు, ఆహ్వాన పత్రిక. మారిన తేదీ బోర్డు మీద దొరకదు, అడ్మిషన్ రిజిస్టర్‌లో దొరుకుతుంది. దాన్ని అక్కడి నుంచి బయటికి తీయడమే ఈ పనిలో సగం.

ముందు మాటలు తేల్చుకోండి

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే పదీ ఇరవై పడకల చిన్న ప్రైవేటు ఆస్పత్రి. డాక్టరు కింద ప్రాక్టీసు పెట్టుకుని పైన కాపురముండే రకం. అమెరికాలో అదే మాటకు ముసలివాళ్లను దీర్ఘకాలం చూసుకునే చోటు అని అర్థం. అక్కడున్న పిల్లలు రాసిన కుటుంబ చరిత్రల్లో ఈ రెండు అర్థాలూ కలిసిపోయి, కాన్పుల ఆస్పత్రి కాస్తా మొదటి నుంచీ వృద్ధాశ్రమమైపోతుంది. రీహాబ్ అన్నా బస్తీలో సగం మందికి తాగుడు మాన్పించే చోటే గుర్తొస్తుంది. మీరు రాసేది పక్షవాతం, తుంటి ఎముక ఆపరేషన్, తలకు దెబ్బ తగిలాక కోలుకునే చోటు గురించైతే మొదటి పేజీలోనే విడమర్చండి. పెద్దవాళ్లు 'బస్తీ దవాఖానా' అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది పాత మున్సిపల్ డిస్పెన్సరీ కావచ్చు. 2018లో మొదలైన సర్కారీ బస్తీ దవాఖానా వేరు.

పేరు, స్థలం, సంస్థ: మూడు వేర్వేరు ఫైళ్లు

గాంధీ ఆస్పత్రి సంగతే చూడండి. ఒకప్పుడది సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆస్పత్రి. పేరు మారి గాంధీ అయింది. తర్వాత ముషీరాబాద్‌లో పాత జైలు ఉన్న జాగాలోకి మారింది. ఇప్పుడున్న స్థలం చరిత్ర రాస్తే జైలు వస్తుంది, సంస్థ చరిత్ర రాస్తే స్టేషన్ వస్తుంది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి 1908 మూసీ వరదలో కొట్టుకుపోయింది, ఆ తర్వాత ఉస్మానియా ఆస్పత్రి కట్టారు. భవనం పుట్టింది వరద తర్వాతే అయినా సంస్థ వయసు అంతకంటే ఎక్కువ. మీ పేట ఆస్పత్రి ఇంత పెద్దది కాకపోయినా చిక్కుముడి ఇదే. అద్దె ఇంట్లో పదేళ్లు నడిచి, సొంత స్థలానికి వచ్చి, కొడుకు హయాంలో పేరు మార్చుకుని ఉండొచ్చు.

అందుకే మూడు కవర్లు పెట్టుకోండి. పేరుకు సంబంధించినవి ఒకదాంట్లో: లెటర్‌హెడ్లు, ప్రిస్క్రిప్షన్ చీటీలు, బోర్డు ఫొటోలు. స్థలానివి రెండోదాంట్లో: దస్తావేజులు, ఈసీ (ఆస్తి చేతులు మారిన వివరాల పత్రం), ప్లాన్లు, ఇంటిపన్ను రశీదులు. సంస్థవి మూడోదాంట్లో: రిజిస్ట్రేషన్లు, ట్రస్టు మినిట్స్ పుస్తకాలు, జీతాల పట్టీ, రోగుల రిజిస్టర్లు. దొరికిన ప్రతి కాగితం వీటిలో ఒకదాంట్లోకే వెళ్లాలి. రెండింటిలోకీ వెళ్లేలా ఉందనిపిస్తే ఆ కాగితాన్ని మీరింకా సరిగా చదవలేదన్నమాట.

పుట్టిన తేదీలు ఐదు

భూమి కొన్నది, శంకుస్థాపన, ప్రారంభోత్సవం, మొదటి రోగి, ప్రభుత్వ రిజిస్ట్రేషన్. ఈ ఐదింటికీ ఐదు తేదీలు వస్తాయి. మొదటికీ చివరికీ మధ్య ముప్పై నలభై ఏళ్ల తేడా వచ్చినా కంగారు పడకండి. ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది 2002లో, దాని నిబంధనలు 2007లో. కాబట్టి డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఇచ్చిన సర్టిఫికెట్ మీద 2008 అని ఉన్నంత మాత్రాన ఆస్పత్రి అప్పుడు పుట్టినట్టు కాదు. అప్పటికే నడుస్తున్నవి కూడా ఆ తర్వాతే వరస కట్టాయి.

ఇంకో ఉచ్చు సొసైటీ కాగితాల్లో ఉంటుంది. తెలంగాణ ప్రాంతంలో 2001 కొత్త చట్టం వచ్చేదాకా సొసైటీలన్నీ '1350 ఫసలీ' చట్టం కింద రిజిస్టరయ్యాయి. ఫసలీ అంటే నిజాం కాలపు సర్కారు లెక్కల సంవత్సరం. సర్టిఫికెట్ మీద ఆ అంకె పెద్దగా కనిపిస్తుంది. దాన్ని చూసి 1350 ఫసలీలో, అంటే 1940-41లో, సంస్థ పుట్టిందని రాసేస్తారు. అది చట్టం పుట్టిన ఏడాది. సంస్థది కావాలంటే అదే కాగితంలో కింద ఉన్న రిజిస్ట్రేషన్ నంబరు, గీత తర్వాతి ఏడాది చూడాలి.

ఫసలీని మార్చుకోవడం తేలికే. నిజాం కాలపు చివరి దశాబ్దాల్లో ఏడాది ఆజూర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఆజూర్, దై నెలల కాగితమైతే 590 కలపండి. ఇస్ఫందార్ నుంచి అబాన్ దాకా 591 కలపండి. మధ్యలో బహమన్ నెల డిసెంబరుకూ జనవరికీ మధ్య ఇరుక్కుంటుంది కాబట్టి తేదీ చూసి తేల్చండి. ఖుర్దాద్ 1345 అంటే 1345కు 591 కలిపితే 1936. ఆ తర్వాతి కాలపు పహాణీల్లో (భూమి రికార్డుల్లో) ఫసలీ జూలైలో మొదలవుతుంది, రెండింటినీ కలపకండి. హిజ్రీ అయితే చాంద్రమానం. ఆ అంకెను 0.97తో గుణించి 622 కలిపితే ఏడాది అటూఇటుగా వస్తుంది. 1326ను అలా చేస్తే 1908 వస్తుంది, మూసీ వరద ఏడాది. లెక్క సరిపోతోందో లేదో ఈ అంకెతో ఒకసారి పరీక్షించుకోండి.

రాతి మీద ఉర్దూ అంకెలున్నప్పుడు చూపు మోసం చేస్తుంది. ఉర్దూ ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా మాత్రం చిన్న చుక్క. సున్నం పూతలో ఆ చుక్క పూడిపోతే 1350 కాస్తా 135లా కనబడుతుంది. తడిగుడ్డతో తుడిచి, సాయంత్రం ఏటవాలు ఎండలోనో, పక్క నుంచి టార్చి పట్టుకునో ఫొటో తీయండి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, ఇనుప బ్రష్‌తో గీకడం వద్దు. అంకెల చివర 'ఫే' అక్షరముంటే ఫసలీ, 'హే' ఉంటే హిజ్రీ.

1948కు ముందు విరాళాలు రాసేటప్పుడు రూపాయి ఏ రూపాయో చూడండి. నిజాం నాణెం హాలీ సిక్కాలో ఏడు రూపాయలు బ్రిటిష్ ఇండియా ఆరు రూపాయలతో సమానం. పాత సికింద్రాబాద్ కంటోన్మెంట్ లెక్కలు ఇంగ్లిష్ రూపాయిల్లో, ఇంగ్లిష్ తేదీల్లో ఉంటాయి. 1933లో నిజాంకు తిరిగొచ్చేదాకా సుల్తాన్ బజార్ చుట్టూ రెసిడెన్సీ బజార్లదీ బ్రిటిష్ పాలనే. కోఠిలో ఒక పద్ధతి, నది దాటితే ఇంకో పద్ధతి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

స్థలం కోసం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో చేత్తో వెతికించుకోవాలి. దానికి పాత దస్తావేజు నంబరో, కనీసం అమ్మినవాళ్ల పేరో ఉండాలి. ఇంటి నంబరొక్కటే పట్టుకుపోతే పని జరగదు, నంబర్లు మారుతూ వచ్చాయి. హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు 1960లో కలిశాయి. అలా ఏర్పడిన ఎంసీహెచ్ 2007లో జీహెచ్ఎంసీ అయింది. ఇప్పటి నంబర్లో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఏటవాలు గీత (/) తర్వాత వచ్చేవి విడగొట్టినప్పుడు పుట్టినవి. ఆస్పత్రి నంబరుకు ఏ, బీ తోకలుంటే స్థలం ముక్కలైందని అర్థం. ఆ ముక్కలు ఎప్పుడయ్యాయో వెతికితే అన్నదమ్ముల పంపకమో, ఆస్పత్రి అప్పో బయటపడుతుంది.

1908 వరద తర్వాత లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన నగర పటాలు, 1912-15 నాటివి, పాతబస్తీ చుట్టుపక్కలకు బాగా పనికొస్తాయి. ఒక్కో ఇల్లు, బావి, చెట్ల తోట కూడా గీశారు. మీ ఆస్పత్రి ఉన్నచోట అప్పుడేముందో చూడొచ్చు. దేవుడీయా (నవాబుల మేడ), తోటా, ఖాళీ జాగానా అన్నది ఒక్క పటంతో తేలుతుంది.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు శాఖల ఫైళ్లు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. ప్రైవేటు నర్సింగ్ హోమ్ అక్కడ దొరకడం అరుదు. సర్కారు గ్రాంటు తీసుకున్న ధర్మాసుపత్రి అయితే వెతకండి. అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం (పాత ఆసఫియా, 1891), సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం (1901), బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఈ మూడింట్లో పాత పత్రికలు చూడండి. ప్రారంభోత్సవ వార్త కోసం గోలకొండ పత్రిక, ఉర్దూకు సియాసత్, 1975 డిసెంబరు తర్వాతైతే ఈనాడు హైదరాబాద్ సంచిక. ప్రకటనల పేజీ వదలొద్దు. 'ఫలానా డాక్టరు గారు లండన్ నుంచి తిరిగొచ్చి ప్రాక్టీసు మొదలుపెట్టారు' అన్న రెండంగుళాల ప్రకటన పూర్తి పేజీ సావనీరు కంటే నమ్మదగ్గది.

ప్రభుత్వం దగ్గరున్నది సమాచార హక్కు దరఖాస్తుతో అడగొచ్చు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. 'ఆస్పత్రి వివరాలన్నీ ఇవ్వండి' అని రాస్తే తిరగ్గొడతారు. 'ఈ చిరునామాలోని ఆస్పత్రి మొదటి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలు, ప్రతి రెన్యువల్‌లో చూపిన పడకల సంఖ్య, సేవల జాబితా' అని అడగండి. పడకలూ సేవలూ రెన్యువల్ నుంచి రెన్యువల్‌కు మారిన తీరే మీకు కావాల్సింది. ప్రసూతి తీసేసి ఫిజియోథెరపీ ఎప్పుడు చేర్చారో అక్కడ తెలుస్తుంది.

చీటీల మీద తేదీ లేకపోతే ఫోన్ నంబరు చూడండి. నగరంలో అంకెలు ఐదు, ఆరు, ఏడు, ఎనిమిదిగా పెరుగుతూ వచ్చాయి. ఎనిమిదంకెల ల్యాండ్‌లైన్ ఉన్న చీటీ 2000 తర్వాతదే. 500తో మొదలయ్యే ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. 'హైదరాబాద్-27' అని మాత్రమే ఉంటే తొందరపడి పాతదనకండి, ఆ అలవాటు చాలా ఏళ్లు సాగింది.

భవనాన్ని చదవడం

టేపు, టార్చి, చిత్తుకాగితం మీద గీసుకున్న ప్లాను తీసుకెళ్లండి. కింది అంతస్తు నుంచి మొదలుపెట్టండి.

ఆపరేషన్ థియేటర్ ఎక్కడుండేదో సిబ్బందికి తెలియకపోయినా నేల చెబుతుంది. మొజాయిక్ నేల గోడను తాకే మూల లంబంగా కాకుండా చిప్పలా వంపు తిరిగి ఉంటుంది, మూలలో మురికి చేరకుండా. గోడకు తెల్లటి గ్లేజ్డ్ టైల్స్ తలుపు ఎత్తు దాకా ఉంటాయి. పైకి చూస్తే ఫ్యాన్ హుక్కు కాకుండా నాలుగు బోల్టుల చతురస్రం, దాని చుట్టూ రంగు తేడా, థియేటర్ లైటు వేలాడిన గుర్తు. ఇప్పుడు అదే గదిలో నడక నేర్పే జంట కడ్డీలు బిగించి ఉంటే వాటి కాళ్ల దగ్గర నేల చూడండి. మొజాయిక్ పగలగొట్టి సిమెంటుతో పూడ్చారా, పైన వినైల్ షీట్ పరిచి దాని మీద బిగించారా? పగలగొట్టినవాళ్లు థియేటర్ మళ్లీ తెరవరని తేల్చుకున్నారు. షీట్ పరిచినవాళ్లు ఇంకా ఆశ పెట్టుకున్నారు. ఇది ఊహే, సాక్ష్యం కాదు. అయినా అప్పటి మేనేజరును అడగడానికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

లోపలి గోడలన్నీ నాలుగున్నర అంగుళాలుండి ఒక్క గది చుట్టూ మాత్రం తొమ్మిది అంగుళాలుంటే అది బహుశా ఎక్స్‌రే గది. తలుపు చట్రం దగ్గర టేపు పెట్టి కొలవండి. తలుపు మామూలు కంటే బరువుగా ఉంటే లోపల సీసం రేకు ఉండొచ్చు, దాన్ని ఊడదీసే ప్రయత్నం చేయకండి.

ర్యాంపు కొలిస్తే కాలం దొరుకుతుంది. స్ట్రెచర్‌ను ఇద్దరు వార్డుబాయ్‌లు తోసే రోజుల్లో నిటారుగా కట్టినా చెల్లింది. చక్రాల కుర్చీలో మనిషి సొంతంగా ఎక్కాలంటే ఒకటికి పన్నెండు వాలు కావాలి. పునాది ఎత్తు 45 సెంటీమీటర్లయితే ర్యాంపు 5.4 మీటర్లుండాలి. పాత ర్యాంపు మూడున్నర మీటర్లకే ఆగి, దాని మీదే కొత్త కాంక్రీటు పొడిగింపు మలుపు తిరిగి ఉంటే ఆ అతుకు దగ్గరే ఆస్పత్రి అయిపోయి రీహాబ్ మొదలైంది. బాత్రూముల్లోనూ ఇదే. రెండున్నర అడుగుల తలుపులు మూడడుగులయ్యాయా, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీలు వచ్చాయా, ఒకచోట కడ్డీ తీసేసి రంధ్రాలు మిగిలాయా చూడండి. గడప తీసేసిన చోట షాబాద్ బండ రంగు తేడా కనిపిస్తుంది.

పైకప్పు, గోడల కాలం చెప్పేటప్పుడు కాస్త వెనక్కి తగ్గండి. డంగుసున్నం గోడ మీద ఆర్‌సీసీ స్లాబు ఉండటం ఈ ఊళ్లో మామూలు. ఇనుప గర్డర్ మీద కంపెనీ ముద్ర ఉన్నా, కూల్చిన దేవుడీల గర్డర్లు కొని వాడుకున్నవాళ్లు చాలామంది. అంటే గర్డర్ భవనం కంటే పాతదై ఉండొచ్చు.

రిజిస్టర్లు: అసలు పని ఇక్కడుంది

వైద్య మండలి నియమాల ప్రకారం ఇన్‌పేషెంట్ కాగితాలు మూడేళ్లు దాస్తే చాలు. అందుకే మూతపడ్డాక కేస్ షీట్లు పాతసామాన్ల వాడికి వెళ్తాయి. ఎక్స్‌రే ఫిల్ములను వెండి కోసం కొంటారు, అవీ పోతాయి. మిగిలేవి అట్టబైండు రిజిస్టర్లే. కిలోల్లెక్కన ధర తక్కువ, బరువెక్కువ, మెట్ల కింద పడేస్తారు. ముందు మెట్ల కింద చూడండి. తర్వాత జనరేటర్ గది, వాటర్ ట్యాంకు మెట్ల దగ్గరి అటక, ఆ తర్వాత పాత అకౌంటెంట్ ఇల్లు.

కావాల్సింది అడ్మిషన్-డిశ్చార్జి రిజిస్టర్. మొత్తం చదవక్కర్లేదు. ప్రతి ఏడాదీ ఒకే రెండు నెలలు తీసుకోండి, జనవరి, సెప్టెంబరు. వానాకాలం జ్వరాల వల్ల సెప్టెంబరులో ఎప్పుడూ రద్దీ ఉంటుంది. ఒక ఏడాది జనవరినీ మరో ఏడాది సెప్టెంబరునీ పోల్చితే లేని మార్పు కనబడుతుంది. ఒక్కో నెలకు మూడు అంకెలు: ఎంతమంది డిశ్చార్జయ్యారు, మొత్తం పడక-రోజులెన్ని, పడకలెన్ని.

ఇరవై పడకల ఆస్పత్రి అనుకోండి. ముప్పై రోజుల నెలకు 600 పడక-రోజులు. ఒక సెప్టెంబరులో 90 మంది డిశ్చార్జయ్యారు, పడక-రోజులు 270. మనిషికి మూడు రోజులు, పడకల నిండుదనం 45 శాతం. కొన్నేళ్ల తర్వాతి సెప్టెంబరులో 12 మందే డిశ్చార్జయ్యారు, పడక-రోజులు 540. మనిషికి 45 రోజులు, నిండుదనం 90 శాతం. వచ్చేవాళ్లు తగ్గారు, కానీ ఆస్పత్రి నిండింది. అంతా 'రోగులు రావడం మానేశారు, అందుకే మార్చాం' అంటారు కదా, అంకెలు ఇంకో మాట చెబుతున్నాయి: మొదట ఉన్నవాళ్లు వెళ్లడం మానేశారు. సగటు బస మూడు నాలుగు రోజుల నుంచి పదిహేను దాటిన ఏడాదే మారిన ఏడాది. బోర్డు దానికి వెనకాలే వస్తుంది.

లెక్క తప్పే చోట్లు ఇవి. చేరిన రోజునూ వెళ్లిన రోజునూ రెండూ లెక్కేస్తే మూడు రోజుల బస నాలుగవుతుంది. అర్ధరాత్రి పడక మీద ఎంతమందున్నారన్న లెక్కే వాడండి. ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు కొన్నిచోట్ల జనవరిలో, కొన్నిచోట్ల ఏప్రిల్‌లో మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. తెలియక నంబర్లు కూడితే అడ్మిషన్లు పడిపోయినట్టు కనిపిస్తాయి. దీర్ఘకాలం ఉండేవాళ్లను బిల్లు కోసం నెలనెలా కాగితం మీద డిశ్చార్జి చేసి అదే రోజు మళ్లీ చేర్చుకునే చోట్లుంటాయి. అక్కడ సగటు సరిగ్గా ముప్పై దగ్గర అతుక్కుపోతుంది. అదే పేరు, అదే పడక వరసగా వస్తుంటే ఒక్కటిగా కలిపేయండి. కోమాలో రెండేళ్లున్న ఒక్క మనిషి సగటును తలకిందులు చేస్తాడు కాబట్టి బస రోజులను వరసలో పేర్చి సరిగ్గా నడిమి అంకె కూడా రాసుకోండి.

ఐపీ రిజిస్టర్ దొరక్కపోతే ఫార్మసీ కొనుగోలు పుస్తకం చాలు. కుట్లదారం, స్పైనల్ సూదులు, ఆక్సిటోసిన్ ఎప్పుడు ఆగాయి? పెద్దల డైపర్లు, ముక్కు నుంచి వేసే రైల్స్ ట్యూబులు, గాలి పరుపులు, యూరిన్ బ్యాగులు ఎప్పుడు పెరిగాయి? ఈ రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటిన నెల మీ తేదీకి దగ్గర్లోనే ఉంటుంది. జీతాల పట్టీలో థియేటర్ నర్సు పేరు ఆగి, ఫిజియోథెరపిస్టు పేరు మొదలైన నెల చూడండి. వంటగది లెక్కల్లోనూ కనిపిస్తుంది: బాలింతల పత్యం పోయి, రాగి జావ, వడకట్టిన పప్పునీళ్లు, ట్యూబులో పోసే పొడి డబ్బాలు వస్తాయి.

కాన్పులు ఎప్పుడు ఆగాయన్నది బస్తీలో అడిగినా తెలుస్తుంది. జనన ధ్రువపత్రం మీద పుట్టిన స్థలం దగ్గర ఆస్పత్రి పేరు ఉంటుంది. ఆ పేరున్న అన్నిటికంటే పాత సర్టిఫికెట్, అన్నిటికంటే కొత్త సర్టిఫికెట్ ఏ ఏడాదివో కాలనీ గ్రూపులో అడగండి. ఫొటో పంపమనకండి, ఏడాది చెబితే చాలు.

ఎవరిని, ఎలా అడగాలి

వ్యవస్థాపక డాక్టరు కుటుంబం దగ్గరికి చివర్లో వెళ్లండి. ముందు వెళ్తే వాళ్లు చెప్పిన కథే మీకు చట్రమైపోతుంది, తర్వాత అందరినీ దాంట్లో ఇరికిస్తారు. మొదట ఆయమ్మ, కాంపౌండరు, వార్డుబాయ్, ఎదుటి మెడికల్ షాపు, రాత్రిపూట చాయ్ పంపిన హోటల్. 'ఏ సంవత్సరం?' అని అడిగితే గుండు అంకె చెబుతారు, 1980, 1990, 2000. సంవత్సరం అడగొద్దు, సంఘటన అడగండి. '69 ఉద్యమం అప్పుడు ఉన్నదా? ఇందిరమ్మను కాల్చినప్పుడు? 2000 ఆగస్టు వానల్లో నీళ్లు లోపలికొచ్చినయా? కరోనాల ఎవర్ని చేర్చుకున్నరు?'

ఆయమ్మ మాట ఇలా ఉంటుంది: 'గప్పుడు కాన్పులన్నీ గీ రూముల్నే అయితుండె బిడ్డా, గిప్పుడు గిదే రూముల ముసలోళ్లకు అన్నం తినవెడుతున్నం.' దీన్ని శిష్ట భాషలోకి దిద్దకండి. కింద గది నంబరు, చెప్పిన తేదీ మాత్రం రాసుకోండి. ఉర్దూ మాట్లాడే నర్సమ్మను ఆపా అనో ఖాలా అనో పిలిస్తే మాట సాగుతుంది, మేడమ్ అంటే ఇంటర్వ్యూ అయిపోతుంది. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, ఆ ఒప్పుకోలు కూడా రికార్డులోనే పడేలా చూసుకోండి. రోగుల పేర్లు వచ్చినచోట రాతప్రతిలో మొదటి అక్షరం కూడా ఉంచొద్దు. పేటలో మొదటి అక్షరం చాలు, మనిషి దొరికిపోతాడు. ఎవరి ప్రాణమో పోయిందన్న ఆరోపణ వస్తే కోర్టు తీర్పు చేతిలో లేకుండా అచ్చులోకి తీసుకోవద్దు.

ఎందుకు మారింది?

'కార్పొరేట్ ఆస్పత్రులు వచ్చాయి' అనే జవాబు సగం నిజం. జూబ్లీహిల్స్‌లో అపోలో 1988లోనే వచ్చింది. మీ ఆస్పత్రి 2010 దాకా కాన్పులు చేసి ఉంటే ఆ ఇరవై రెండేళ్లు ఎలా నెట్టుకొచ్చిందో చెప్పాలి కదా. కారణాలను తేదీలతో పక్కపక్కన పెట్టండి. 1995లో సుప్రీంకోర్టు డాక్టర్ల సేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, అందులో చేరాలంటే యాభై పడకలుండాలన్నారు. ఇరవై పడకల నర్సింగ్ హోమ్ గుమ్మం దాటి రోగి వెళ్లిపోవడానికి అదొక్కటే చాలు. ఆ పైన ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ అనుమతి): పాత పేటల సందుల్లో ఫైరింజన్ తిరగదు, వదలాల్సిన జాగా లేదు. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు, రాత్రి డ్యూటీకి మత్తు డాక్టరు దొరకడు.

వీటిలో ఏది మీ ఆస్పత్రిని తాకిందో సగటు బస గీత మీద పెట్టి చూడండి. 2007కు ముందే గీత పైకి లేచి ఉంటే ఆరోగ్యశ్రీని నిందించకండి. చాలాచోట్ల అసలు కారణం ఇంకా చిన్నది. పెద్దాసుపత్రిలో తుంటి ఆపరేషనో, మెదడు ఆపరేషనో అయిన పాత పేషెంటును 'ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు, కొన్నాళ్లు మీ దగ్గరుంచండి డాక్టర్‌గారూ' అని తెచ్చి దింపారు. తర్వాత ఇంకొకరు. పథకం వేసుకుని ఎవరూ మార్చలేదు. రిజిస్టర్లో అలాంటి మొదటి అడ్మిషన్ వెతికి పట్టుకుంటే మీ అధ్యాయానికి మొదటి వాక్యం దొరికినట్టే.

కాగితాలు పట్టుకునేటప్పుడు

బాల్ పెన్ను దూరం, పెన్సిలే. చిరిగినచోట సెల్లోటేపు వేస్తే కొన్నేళ్లకు జిగురు పచ్చబడి అక్షరాన్ని తినేస్తుంది. రిజిస్టర్ పూర్తిగా విరిచి తెరవకండి, రెండు వైపులా పుస్తకాలు ఎత్తుపెట్టి సగం తెరిచి, కిటికీ పక్కన నీడలో ఫోన్‌తో తీయండి, ఫ్లాష్ వద్దు. స్కానరైతే 300 డీపీఐ. ఈసీజీ చీటీలు, కంప్యూటర్ బిల్లులు థర్మల్ కాగితం మీదివి, మాసిపోతున్నాయి కాబట్టి వాటిని మొదటి రోజే తీసేయండి. నీలం ప్లాన్లను ఎండలో పరిస్తే వెలిసిపోతాయి. ఫైలు పేరులో ఏడాది, రిజిస్టర్, పేజీ ఉండాలి: '1987-ఐపీ-పేజీ042'. రోగుల పేర్లున్న కాపీలు కాలనీ గ్రూపుల్లోకి వెళ్లకూడదు. లెక్క తీసిన పట్టికలో పేర్ల గడే పెట్టుకోకండి.

తేదీ సరిగ్గా దొరక్కపోతే హద్దులు రాయండి. 'చివరి సిజేరియన్ 2009 మార్చి, మొదటి ఫిజియోథెరపిస్టు జీతం 2010 ఆగస్టు. ఈ మధ్యలో మారింది' అని. పక్కన ఏ రిజిస్టర్, ఏ పేజీ అన్నది పెడితే రేపు మెట్ల కింద ఇంకో పుస్తకం దొరికినవాళ్లు ఆ పదిహేడు నెలలను ఇంకా దగ్గరికి లాగుతారు.